తాగలేదంటోంది

ప్రజారోగ్యం ఎందుకు చదివావని ఎవరడిగినా ఫెబా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. కూలి చేసుకునే ఆడదానికీ, కారులో తిరిగే ఆడదానికీ ఒకే వైద్యం అందాలని, చనిపోతే ఆ చావుని కూడా ఉన్నదున్నట్టు రాయాలని చెప్పేది. ఎంపిక కమిటీవాళ్ళు ఆ మాటకే తలలూపి సీటిచ్చారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆమెని గుంటూరు నుంచి హైదరాబాదుకీ, మళ్ళీ హైదరాబాదు నుంచి గుంటూరుకీ నడిపించింది వేరే ఉంది. బ్రాడీపేటలో నర్సింగ్ హోం నడిపే డాక్టర్ జయదేవ్ తన ముందు తల దించుకుని నిలబడాలి. ఆ కోరిక ఆమెకి పంతొమ్మిదేళ్ళప్పుడు పుట్టింది.

ప్రత్తిపాడుకి దగ్గర్లోని ఊరు వాళ్ళది. తండ్రి తోమా, తల్లి సంతోషకుమారి, ఇద్దరూ పత్తిచేలకీ మిరపతోటలకీ కూలికి వెళ్ళేవాళ్ళు. సంతోషకుమారి నోరున్న మనిషి. కాయ కోతల్లో అందరికంటే ముందు సాలు ముగించి, వెనకబడినవాళ్ళ సాల్లోకి దూకి సాయం చేసేది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడేది. శ్రుతి తప్పుతున్నావని పక్కవాళ్ళు గిల్లినా తగ్గేది కాదు.

2010 నవంబరు పద్దెనిమిది, గురువారం. ఫెబా అప్పుడు ఎనిమిదో తరగతి. బడివాళ్ళు పిల్లల్ని నాగార్జునసాగర్ తీసుకెళ్తున్నారు. ఈసారికి వద్దులే, వచ్చే ఏడు చూద్దామంది తల్లి. పిల్ల అలిగింది, ఏడ్చింది, చివరికి నువ్వు లేకపోతేనే నా ప్రాణానికి హాయిగా ఉంటుందని అనేసింది. సంతోషకుమారి అన్నం క్యారేజీ తీసుకుని బుల్లయ్య మిరపతోటకి వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగింటికి హెడ్మాస్టరు తరగతి గదిలోకి వచ్చి, ఫెబాని బయటికి పిలిచి, మీ అమ్మ పురుగుమందు తాగిందట, గుంటూరు తీసుకెళ్ళారట అని చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నానికి సంతోషకుమారి శవం ఇంటికొచ్చింది.

ఆ తర్వాత జరిగింది ఊరంతటికీ తెలుసు. సంఘపెద్ద కరుణాకర్ ఇంటిముందుకి వచ్చి, ప్రాణం తమంతట తాము తీసుకున్నవాళ్ళకి చర్చిలో ప్రార్థన ఉండదని, సమాధుల తోటలో మిగతావాళ్ళ వరసలో చోటు కుదరదని చెప్పాడు. తోమా కాళ్ళు పట్టుకున్నాడు. కరుణాకర్ మెత్తబడలేదు. చివరికి తోట చివర, కంచె పక్కన, సర్కారు తుమ్మల మధ్య గొయ్యి తీశారు. పాస్టరు రాలేదు. మట్టి వేసేటప్పుడు పాడటానికి ఎవరూ నోరు తెరవలేదు.

తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. ఎందుకు తాగింది? మొగుడు కొట్టాడనేవాళ్ళు కొందరు. దానికి ఎవడితోనో సంబంధం ఉండేదనేవాళ్ళు ఇంకొందరు. సంతోషకుమారి సాయం చేసిన ఆడవాళ్ళే బోరింగు దగ్గర ఈ మాటలన్నారు. ఫెబా మాత్రం ఇవేవీ నమ్మలేదు. తల్లి ఎందుకు తాగిందో తనకి తెలుసనుకుంది. ఆరేళ్ళపాటు ఆ పిల్ల, అమ్మని చంపింది నేనేనని గట్టిగా నమ్మింది. ఎవరికీ చెప్పలేదు. పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చినప్పుడు కూడా, నలుగురూ మెచ్చుకుంటుంటే, వీళ్ళకి తెలియదు నేనేం చేశానో అనుకుంటూ నిలబడింది.

గుంటూరులో నర్సింగు రెండో ఏడు చదువుతుండగా ఒక పాఠం వచ్చింది. పురుగుమందు ఒంట్లోకి నోటి ద్వారానే చేరనక్కర్లేదని, తడిసిన బట్టల్లోంచి, చర్మంలోంచి కూడా మనిషిని చంపేంత చేరుతుందని టీచరు చెప్పింది. తాగినవాళ్ళ కడుపు కడిగితే ఆ నీళ్ళు మందు వాసన కొడతాయి, చర్మంలోంచి చేరినవాళ్ళకి ఒంటి మీద కమిలిన గుర్తులు కనపడవచ్చు అంది. రాసుకుంటున్న ఫెబా చెయ్యి ఆగిపోయింది. శవానికి గుడ్డ మార్చేటప్పుడు పిన్నివాళ్ళు అమ్మని పక్కకి తిప్పారు. భుజం నుంచి నడుం దాకా వీపు ఎర్రగా కమిలిపోయి ఉంది. అప్పుడెవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఆమె క్లాసులోంచి లేచి బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏడుపు రాలేదు. తాను చంపలేదు. అమ్మ తాగలేదు. మరి తాగిందని రాసిందెవరు? వారం తిరక్కుండా తాలూకా పోలీసు స్టేషనుకి వెళ్ళి పాత పంచనామా నకలు తీసుకుంది. కడుపునొప్పి తాళలేక పురుగుమందు తాగి మరణించింది అని ఉంది. దానికి ఆధారం డాక్టర్ జయదేవ్ రాసిచ్చిన కాగితం. ఆ అక్షరాల కింద ఉన్న సంతకాన్ని ఫెబా ఎంతసేపు చూసిందంటే, కళ్ళు మూసుకుని కూడా ఆ సంతకం చెయ్యగలిగేంత.

తల్లి పోయినందుకు కాదు ఆ కోపం. తల్లి పోయినందుకు ఏడ్చే హక్కుని కూడా ఆరేళ్ళపాటు తన దగ్గర్నుంచి లాక్కున్నందుకు.

నర్సింగు అయ్యాక ప్రజారోగ్యంలో పెద్ద చదువు చదివింది. 2022లో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. పల్లెల్లో ఆడ కూలీల ఆరోగ్యం మీద అధ్యయనం అది. దాన్ని నడిపేది ప్రొఫెసర్ బాలత్రిపురసుందరి. అరవైకి దగ్గర పడిన మనిషి, నూలు చీర, కళ్ళద్దాలకి తాడు, ఎవరి పొరపాటునీ వదలని స్వభావం. ఫెబా ఒక ప్రతిపాదన రాసి ఆమె ముందు పెట్టింది. పదిహేనేళ్ళలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని ఇరవై ఆరు ఊళ్ళలో పురుగుమందు తాగి చనిపోయినట్టు నమోదైన కూలి ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళు ఆ రోజు ఏ పని చేశారో, ఎలా పడిపోయారో, ఏయే లక్షణాలు కనిపించాయో ఇంట్లోవాళ్ళనీ తోటి కూలీలనీ అడగాలి. ఆ జవాబుల్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి అసలు కారణం తేల్చాలి. ప్రొఫెసర్‌కి ఆలోచన నచ్చింది. ఇరవై ఆరు ఊళ్ళని ఎలా ఎంచావని అడిగింది. మిరప, పత్తి ఎక్కువ పండే ఊళ్ళని చెప్పింది ఫెబా. నిజమే. జయదేవ్ నర్సింగ్ హోంకి రోగులు ఎక్కువగా వెళ్ళే ఊళ్ళు కూడా అవేనని మాత్రం చెప్పలేదు.

సంవత్సరంన్నర తిరిగింది. బస్సుల్లో, ఆటోల్లో, పొలం గట్ల మీద. కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల పక్కన కూర్చుని, ఘాటుకి తుమ్ముకుంటూ కాగితాలు నింపింది. నూట పద్దెనిమిది చావులు. ప్రతి ఇంట్లో దాదాపు ఒకటే వరస. ముందు ఎవరూ మాట్లాడరు. ఎందుకమ్మా ఇప్పుడవన్నీ అంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు, తల్లో చెల్లెలో, లోపల్నుంచి వచ్చి కూర్చుని, అది తాగే మనిషి కాదమ్మా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఫెబా పెన్ను కాగితాన్ని చించేంత గట్టిగా నొక్కేది.

ఏడో నంబరు ఫారం తమ ఇంటిది. ఆ పని ఇంకొకరికి అప్పగించాలని ఆమెకి తెలుసు. అయినా తానే వెళ్ళింది. తండ్రిని అరుగు మీద కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, మిగతా ఇళ్ళలో అడిగినట్టే మొదలుపెట్టింది.

"చనిపోయినావిడ పేరు?"

తోమా కూతురి ముఖంలోకి చూశాడు. "నీకు తెలీదా ఫెబమ్మా?"

"చెప్పు నాన్నా. నువ్వు చెప్పాలి, నేను రాయాలి."

తోమా చెప్పాడు. ఆ రోజు బుల్లయ్య తోటలో ఇంజను పెట్టి మందు కొట్టారు. కొట్టే మనిషి ముందు నడుస్తుంటే, పొడుగాటి గొట్టం మొక్కల మీద పడకుండా ఆడవాళ్ళు భుజానేసుకుని లాగుతున్నారు. గొట్టం అతుకు దగ్గర ఊడి సంతోషకుమారి వీపంతా మందు కొట్టింది. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకొస్తానంటే, ఇంకో నాలుగు సాళ్ళే కదా, అయ్యాక పోదువుగానిలే అన్నాడు బుల్లయ్య. ఆమె ఆ తడి చీరతోనే రెండు గంటలు లాగింది. తర్వాత నోట్లోంచి నురగ, కళ్ళు కనపడ్డం లేదంది, పడిపోయింది. తోమాకి కబురు పెట్టారు. అతను ఆస్పత్రికి వెళ్ళేసరికే బుల్లయ్యా, డాక్టరూ మాట్లాడుకుని ఉన్నారు.

ఫెబా రాస్తూనే ఉంది. అప్పుడు తోమా, ఆమె అడగని మాట ఒకటి చెప్పాడు. తాగిందన్న కాగితం మీద సంతకం తాను కూడా పెట్టానన్నాడు. పొలంలో పోయిందంటే కేసవుతుంది, కేసు తేలేదాకా శవాన్ని ఇవ్వరని చెప్పారు. నీ పెళ్ళాన్ని ఐసు పెట్టెలో ఎన్నాళ్ళుంచుతావురా తోమా అన్నాడు బుల్లయ్య. పోస్టుమార్టంలో ఒంట్లో పురుగుమందు ఉందని తేలింది. అది ఎలా చేరిందని ఎవరూ అడగలేదు. తానూ చెప్పలేదు.

"నీకు తెలుసా?" అంది ఫెబా. "అమ్మ తాగలేదని నీకు మొదట్నించీ తెలుసా?"

తోమా తలూపాడు.

"నేను ఆరేళ్ళు నా వల్లే చచ్చిపోయిందనుకున్నాను నాన్నా."

ఆ సంగతి తోమాకి ఆ క్షణం దాకా తెలియదు.  ఫెబా ఫారం కింద అతని చేత సంతకం పెట్టించుకుని, సంచి భుజానేసుకుని బస్టాపుకి నడిచింది. నాలుగు నెలలు ఆ ఇంటి గడప తొక్కలేదు. అతని ఫోను తియ్యలేదు. బుల్లయ్య మీద తీర్చుకుందామంటే అతను రెండేళ్ళ క్రితమే, కొడుకులూ మనవలూ చుట్టూ ఉండగా, దర్జాగా పోయాడు. ఊరంతా భోజనాలు పెట్టారు. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. ఇక మిగిలింది జయదేవే.

ఫారాలు డాక్టర్ల దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. నూట పద్దెనిమిదిలో ముప్పై ఐదు చావులు, తాగి జరిగినవి కావు, పనిలో మందు ఒంటికి చేరి జరిగినవే అయ్యుంటాయని ఇద్దరూ వేర్వేరుగా రాశారు. ఆ ముప్పై ఐదులో ఇరవై, జయదేవ్ సంతకం చేసినవి.

ఫెబా ఆ సంఖ్యని చూసుకుని మురిసిపోతుండగా ప్రొఫెసర్ తన గదికి రమ్మంది. బల్ల మీద ఏడో నంబరు ఫారం ఉంది. చిరునామా చూపించి, ఇది మీ అమ్మగారిదేనా అని అడిగింది. ఫెబా అవునంది. బాలత్రిపురసుందరి కళ్ళద్దాలు తీసి, తుడిచి పెట్టుకుని, ఫారాన్ని మళ్ళీ మొదట్నుంచీ చదివింది. అరిచినా బాగుండేదనిపించింది ఫెబాకి.

"నీకు కోపం ఉండటం తప్పు కాదు," అంది చివరికి. "ఇది మాత్రం తీసెయ్యాలి."

తీసేది లేదంది ఫెబా. మిగతా నూట పదిహేడూ ఈ ఒక్కదాని కోసమే చేశానంది. ఉద్యోగం మానేసి, కాగితాలన్నీ పేపరువాళ్ళకిస్తానంది. అన్నీ విన్నాక ప్రొఫెసర్ ఒక్క ప్రశ్న వేసింది. నువ్వు ఆ డాక్టర్ స్థానంలో ఉంటే ముందు దేన్ని పట్టుకుంటావు? ఫెబా ఏడో నంబరు ఫారం వైపు చూసింది. కూతురే వెళ్ళి తండ్రిని అడిగి రాసుకొచ్చిన కాగితం. అది ఉంటే ఇరవైకి ఇరవై కొట్టేస్తారు. అది లేకపోతే పంతొమ్మిది నిలబడతాయి.

"నిన్ను ఎరగని మనిషిని ఆ పంతొమ్మిది ఇళ్ళకీ మళ్ళీ పంపిస్తాను. ఒక్క జవాబు తేడా వచ్చినా అది కూడా తీసేస్తాను. ఇష్టమైతే ఉండు," అంది ప్రొఫెసర్.

ఫెబా ఒప్పుకుంది. నీతికి తలవంచి ఒప్పుకోలేదు. పగ తీరాలంటే అదొక్కటే దారని అర్థమై ఒప్పుకుంది. తల్లి పేరున్న కాగితాన్ని తన చేత్తోనే కట్టలోంచి తీసి పక్కన పెట్టింది. మూడు నెలలకి రెండో మనిషి తిరిగొచ్చి, పంతొమ్మిది ఇళ్ళలోనూ అవే జవాబులొచ్చాయని చెప్పింది.

ఈలోగా నర్సింగ్ హోంలో పాత రోజుల్లో పనిచేసిన ఒక నర్సు చీరాలలో కూతురి దగ్గర ఉంటోందని తెలిసింది. పేరు అఫ్రోజ్. ఫెబా, తన తోటి పరిశోధకురాలూ కలిసి వెళ్ళారు. అఫ్రోజ్ మొదట తలుపు సగమే తీసింది. రెండోసారి టీ ఇచ్చింది. మూడోసారి వెళ్ళినప్పుడు బీరువా అడుగునుంచి ఒక గుడ్డసంచి తెచ్చింది. అందులో పదకొండు నోటుబుక్కులు. ప్రతి డ్యూటీలో ఏ రోగి ఎలా వచ్చారో, తానేం చేసిందో రాసుకునేదట. ఎప్పుడైనా పోలీసులొచ్చి నా మీదకి నెడతారేమోనని భయపడి దాచానమ్మా అంది.

ఆమెకి ఫెబా ఎవరో తెలియదు. మీక్కావాల్సినవి ఇలాంటివేనా అంటూ, ఒక పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"నవంబరు పద్దెనిమిది. ఆడమనిషి, ముప్పై ఆరేళ్ళు. చీర మందులో తడిసింది, విప్పించాను. వీపు కమిలింది. కడుపు కడిగిన నీళ్ళు తేట, వాసన లేదు. పేషెంటు తాగలేదంటోంది. గొట్టం ఊడిందంటోంది. డాక్టరుగారికి చెప్పాను. రాయవద్దన్నారు."

ఫెబా లేచి వాకిట్లోకి వెళ్ళి గోడ పట్టుకుంది. అమ్మ చెప్పుకుంది. కళ్ళు కనపడకుండా పోతున్నా, నోట్లోంచి నురగ వస్తున్నా, తాగలేదని చెప్పుకుంది. విన్నవాడు రాయవద్దన్నాడు.

లోపలికొచ్చాక, ఆమె మా అమ్మ సిస్టర్ అని చెప్పేసింది. అఫ్రోజ్ పుస్తకం మూసింది. నేను ఎక్కడికి రావాలో చెప్పమ్మా అంది.

2024 ఫిబ్రవరిలో గుంటూరులో జిల్లా అధికారుల సమావేశం జరిగింది. పురుగుమందు కేసుల్లో డాక్టర్లకి శిక్షణ ఇవ్వడానికి వేసిన సలహా సంఘంలో జయదేవ్ పెద్ద సభ్యుడు. తెల్ల చొక్కా, వెనక్కి దువ్విన నెరిసిన జుట్టు, అందర్నీ పేరుపెట్టి పలకరించే చనువు. అధ్యయనం గురించి చెప్పడానికి ఫెబాకి ఇరవై నిమిషాలిచ్చారు. ఏ డాక్టరు పేరూ, ఏ ఆస్పత్రి పేరూ ఎత్తకుండా ఆమె చెప్పుకుపోయింది. ముగించాక మొదటి ప్రశ్న జయదేవే అడిగాడు. చచ్చిపోయిన మనిషి ఇంటికెళ్ళి అడిగితే, అవును తాగి చచ్చిందని ఎవరు ఒప్పుకుంటారు తల్లీ అన్నాడు నవ్వుతూ. కొందరు నవ్వారు.

మంచి ప్రశ్నండీ అంది ఫెబా. ఈ ప్రశ్న కోసమే ఆమె ఎనిమిదేళ్ళు చదివింది. పంతొమ్మిది చావులకి డాక్టరు రాసిచ్చిన కాగితాల్ని, పేర్లు కప్పేసి, ఒకదాని తర్వాత ఒకటి తెర మీద వేసింది. కడుపునొప్పి తాళలేక పురుగుమందు తాగి. కడుపునొప్పి తాళలేక పురుగుమందు తాగి. ఏమీ వ్యాఖ్యానించకుండా చదువుతూ పోయింది. ఆరోది వచ్చేసరికి నవ్వులు ఆగాయి. పదోది వచ్చేసరికి అందరూ ఎవరి సంతకమో పోల్చుకున్నారు. పంతొమ్మిది మంది ఆడవాళ్ళు, పన్నెండేళ్ళలో, ఒకే మాట చెప్పి చచ్చిపోయారు. పదిహేడు మంది మందు కొట్టే రోజునే పడిపోయారు.

జయదేవ్ వీటికి సాక్ష్యం ఏమిటన్నాడు. అప్పుడు వెనక వరసలోంచి, బుర్ఖా తల మీదకి సర్దుకుంటూ, అఫ్రోజ్ లేచింది.

"నేనే సార్. మీ దగ్గర పద్నాలుగేళ్ళు చేశాను. నేను రాసుకున్నవి తెచ్చాను."

జయదేవ్ ఆమె వైపు చూసి, కుర్చీలో కూర్చుని, బల్ల మీద చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు. ఫెబా ఆ తలనే చూసింది. ఎవరో ఏదో అడుగుతున్నారు, ప్రొఫెసర్ జవాబు చెబుతోంది. ఫెబాకి అవేవీ వినపడలేదు. తెల్ల జుట్టు సందుల్లోంచి మాడు కనపడుతోంది. దాన్ని తనివితీరా చూసింది.

విచారణ వేశారు. సలహా సంఘంలోంచి ఆయన్ని తప్పించారు. ఎనిమిది నెలలకి వైద్యం చేసే అనుమతిని రెండేళ్ళు నిలిపేశారు. పంతొమ్మిది కుటుంబాల్లో ఆరు కుటుంబాలు పోలీసు కేసు పెట్టాయి. అప్పుడు జయదేవ్, ఒకసారి మాట్లాడాలని ఫెబాకి కబురు పెట్టాడు.

వెళ్ళే ముందు ఆమె తండ్రికి ఫోను చేసింది. నాలుగు నెలల మౌనం తర్వాత కూడా వాళ్ళ మధ్య మాటలు అంతంతమాత్రంగానే ఉండేవి. నువ్వూ రావాలి అంది. తోమా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

రోగులు లేని నర్సింగ్ హోంలో జయదేవ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఏడో నంబరు ఫారం సంగతి అప్పటికి విచారణలో ఆయనకి తెలిసింది. ఆ రోజుల్లో అందరం అలాగే రాసేవాళ్ళమన్నాడు. రైతులే అడిగేవాళ్ళు, వాళ్ళ మాట కాదంటే ఆ ఊళ్ళ నుంచి రోగులు రారు అన్నాడు. మీ నాన్న కూడా సంతకం పెట్టాడు కదమ్మా అన్నాడు. తోమా నేలచూపులు చూశాడు.

"ఆయన సంగతి నేను చూసుకుంటాను," అంది ఫెబా. "మీరు చేసింది చెప్పండి."

ఆమెని బతికించడానికి చెయ్యగలిగిందంతా చేశానన్నాడు జయదేవ్. అది నిజమేనని ఫెబాకి తెలుసు. పది నిమిషాలకోసారి సూది ఇస్తూ ఆరు గంటలు మంచం పక్కనుంచి కదలలేదని అఫ్రోజ్ పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ చదివిన రోజున ఆమెకి ఆయన మీద ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. ఆరు గంటలు ఆ ఒంటిని పట్టుకుని చూసినవాడికి, ఆ వీపు చూసినవాడికి, నిజం తెలియలేదని అనుకునే వీల్లేదు.

"అది కూడా రాయండి," అంది. కాగితం, పెన్నూ ముందు పెట్టింది. కేసుల్లో తానేమీ సాయం చెయ్యనని, అవి ఆ కుటుంబాల ఇష్టమని, ఈ కాగితం వల్ల ఆయనకి లాభమేమీ లేదని ముందే చెప్పింది. అయినా రాయాలంది. ఎందుకు రాయాలని ఆయన అడగలేదు. ఎదురుగా తోమా ఉన్నాడు.

జయదేవ్ రాశాడు. సంతోషకుమారి మందు తాగలేదని, పనిలో ఒంటి మీద పడి చనిపోయిందని, పొరపాటున తాగినట్టు నమోదు చేశానని. ఫెబా చదివి, వెనక్కి నెట్టింది.

"పొరపాటున కాదు. తెలిసి."

ఆయన ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. తర్వాత కొత్త కాగితం తీసుకుని మొదట్నుంచీ రాశాడు. పొరపాటున అన్న చోట తెలిసి అని పెట్టాడు. తాగలేదని ఆమె నాతో చెప్పింది అన్న వాక్యం ఫెబా చెప్పకుండానే చేర్చాడు. సంతకం పెట్టాడు. అదే సంతకం.

వచ్చే ఆదివారమే ఆ కాగితం చర్చిలో చదవాలంది ఫెబా. పాస్టరు కొత్తవాడు, సరేనన్నాడు. ఆరాధన అయ్యాక ఆమె ముందుకెళ్ళి, మైకు అక్కర్లేదని పక్కకి పెట్టి, ఒక్కో మాటా నొక్కి చదివింది. బోరింగు దగ్గర మాటలన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె వాళ్ళని ఒక్కొక్కరినీ చూసింది. చదవడం అయ్యాక కూడా కిందికి దిగలేదు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నిలబడింది. 

కరుణాకర్‌కి ఇప్పుడు డెబ్భై నాలుగు. కర్ర పట్టుకుని లేచి, తెలియక జరిగింది, సమాధిని లోపలి వరసలోకి మార్చి ఘనంగా ప్రార్థన పెట్టిద్దామన్నాడు. మార్చేది లేదంది ఫెబా. మీరు పెట్టిన చోటే ఉంటుంది, సమాధుల తోటకి వచ్చినప్పుడల్లా మీరంతా చూడాలి అంది. ప్రార్థన కూడా అక్కర్లేదంది.

అప్పుడు తోమా లేచాడు. అంతమందిలో అతను నోరు విప్పడం ఎవరూ చూసి ఉండరు. "నాకు కావాలమ్మా," అన్నాడు.

ఫెబా తండ్రి వైపు చూసింది. ఆమెకి ఇంకా కోపం పోలేదు. కానీ ఆ మనిషి పద్నాలుగేళ్ళుగా ఏ ఆదివారం ప్రార్థనలోనూ కళ్ళు మూసుకోలేదని, తెరిచిన కళ్ళతో నేలకేసి చూస్తూ కూర్చునేవాడని ఆమెకి తెలుసు. సరేనంది. అయితే కరుణాకరే చెయ్యాలంది.

ఎండ మండుతోంది. కంచె దాకా దారి లేదు. ముసలాయన తుమ్మకంపల మధ్య కర్ర పోటేసుకుంటూ నడిచాడు. పంచె ముళ్ళకి పట్టుకుంటే విడిపించుకున్నాడు. పిల్లలెవరో చెయ్యి ఇవ్వబోతే ఫెబా వద్దంది. సంతోషకుమారి పేరు గట్టిగా చెప్పమంది. ఆయన చెప్పాడు. ఇంకోసారి, వెనకున్నవాళ్ళకి వినపడలేదు అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. జనం పాట ఎత్తుకున్నారు. తోమా నేల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఫెబా కాసేపు చూసి, వెళ్ళి అతని పక్కన కూర్చుంది. చెయ్యి మాత్రం వెయ్యలేదు. ఇంకో వారానికి, అన్నం తిన్నావా అని తనంతట తానే ఫోను చేసింది.

అధ్యయనం తర్వాతి ఏడు అచ్చయింది. అందులో సంతోషకుమారి లేదు. పనిలో పోయినవాళ్ళు ముప్పై నలుగురనే ఉంది. కేసులు ఇంకా నడుస్తున్నాయి, ఎటు తేలతాయో తెలియదు. పురుగుమందు కేసు వచ్చినప్పుడు మనిషి ఏ పనిలో ఉన్నాడో, బట్టలు తడిసి ఉన్నాయో లేదో, రోగి తన నోటితో ఏం చెప్పాడో తప్పకుండా రాయాలని జిల్లాలో కొత్త ఫారం ఒకటి పెట్టారు. దాని ముసాయిదా రాసింది ఫెబానే.

మార్చిలో ఒక మధ్యాహ్నం ప్రకాశం జిల్లాలో, ఒక కల్లం దగ్గర కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య ఆమె కూర్చుని ఉండగా ఫోను మోగింది. కొత్త నంబరు. అవతల ఆడగొంతు. తన పేరు శ్రీజ అని, జయదేవ్ గారి అమ్మాయినని చెప్పింది. నాన్న ఇల్లు కదలడం లేదు, స్నేహితులెవరూ రావడం లేదు, అన్నం దగ్గర కూర్చుని లేచిపోతున్నారు అంది. తిట్టలేదు.

"మీకిప్పుడు తృప్తిగా ఉందా అండీ?" అని అడిగింది.

 ఇలాంటప్పుడు అందరూ ఏం చెబుతారో ఫెబాకి తెలుసు. పోయినవాళ్ళు తిరిగిరారు కదా, మనసు ఖాళీగా ఉంది అంటారు. ఆమె తన లోపలికి నిజాయితీగా చూసుకుంది. ఖాళీగా ఏమీ లేదు.

"ఉందండి," అంది.

 అవతల ఫోను పెట్టెయ్యలేదు. ఫెబా తనే కట్ చేసి సంచిలో వేసుకుంది. ఎదురుగా కూర్చున్నావిడ ఎవరమ్మా అని అడిగింది. తెలిసినవాళ్ళేనంది ఫెబా. పెన్ను మూత తీసి, మందు కొట్టే రోజున ఒంటి మీద ఏం వేసుకుంటారని అడిగింది.